పూట లెక్కన జోడెడ్ల అరక: కొండపి, టంగుటూరు వైపు బాడుగ సేద్యం ఎట్లా ఉంది?

ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు, జరుగుమల్లి వైపు ఊళ్ళలో ఇంకా బాడుగకు దొరుకుతున్న జోడెడ్ల అరకల మీద సమీక్ష ఇది. ఏ ఒక్క ఆసామి జత గురించో కాదు, ఆ సేవ మొత్తం గురించి. ముందు రోజు ఫోన్ చేసి మాట్లాడుకుంటే ఎద్దులు, కాడి, గుంటక (సాళ్ళ మధ్య గడ్డి కోసే పనిముట్టు), తోలే మనిషి తెల్లవారేసరికి చేలో ఉంటారు. పొగాకు, మిరప, కంది వేసినవాళ్ళు పిలుస్తున్నారు. అడిగినన్ని జతలు లేవు, ఉన్నవాటిలో అన్నీ పిలవదగ్గవి కావు.

తీర్పు ముందే చెప్పేస్తాం. సాళ్ళ మధ్య గుంటక పాటుకు మన నల్లరేగడిలో, ఎర్ర చెక్క నేలల్లో జోడెడ్లను మించిన సాధనం లేదు. అయిదుకు అయిదు ఇవ్వొచ్చు. గొర్రుతో విత్తటానికి నాలుగు. మోడు దుక్కికి, పొగాకు మోళ్ళు పెకలించిన నేలను లోతుగా తిరగెయ్యటానికి రెండు కూడా ఎక్కువే, దానికి ట్రాక్టరునే పిలుచుకోండి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: బాడుగ ఎకరం లెక్కన మాట్లాడుకోవద్దు, పూట (పొద్దుటి ఒక్క విడత పని) లెక్కన మాట్లాడుకోండి. పనికి అదే మంచిది, ఎద్దుకు అదే న్యాయం, ధర్మశాస్త్రం చెప్పిందీ అదే.

ఎందుకో లెక్క చూడండి. డెబ్భై సెంటీమీటర్ల సాళ్ళలో ఒక ఎకరం గుంటక తోలాలంటే ఎద్దులు దాదాపు 5.8 కిలోమీటర్లు నడవాలి, తిరుగుళ్ళు కాక. బరువు లాగే ఎద్దు నడక గంటకు రెండున్నర కిలోమీటర్లు. తిరుగుళ్ళు, నీళ్ళు, ఊపిరి తీసుకోటం కలిపితే ఎకరానికి మూడు గంటలు. తెల్లవారి అయిదున్నరకు కాడి ఎత్తి పదిన్నరకు దించితే పూటకు ఎకరంన్నర అవుతుంది. నాగలి సంగతి వేరు. సాలుకు ఇరవై సెంటీమీటర్లు తెగితే ఎకరానికి ఇరవై కిలోమీటర్ల నడక, అది రెండు పూటలు దాటుతుంది. అందుకే నాగలి దుక్కికి గుంటక ధర ఇస్తానంటే ఎవరూ రారు, రాకపోవటమే సరి. ఎకరం లెక్కన ఒప్పుకున్న మనిషి ఏం చేస్తాడు? పదింటికి మీ చేను ముగించి పక్క చేనుకు మళ్ళుతాడు, ఒంటిగంట ఎండలో కూడా కాడి దించడు. అలిసిన ఎద్దు సాలు తప్పుతుంది, తిరుగుడు దగ్గర మొక్కను తొక్కుతుంది. తోలేవాడు తొందరలో మేడి (చేతిపిడి) మీద బరువు వెయ్యడు, పాస (గుంటక కింది ఇనుప బద్ద) పైపైన జారిపోతుంది, గడ్డి తెగదు. మూడో రోజుకు చేను చూస్తే తుంగ మళ్ళీ తలెత్తి ఉంటుంది.

పరాశర స్మృతిలో రెండో అధ్యాయం సేద్యం గురించే మొదలవుతుంది. ‘క్షుధితం తృషితం శ్రాంతం బలీవర్దం న యోజయేత్’ అని అక్కడ ఉంది. ఆకలిగా ఉన్నదాన్ని, దప్పికగా ఉన్నదాన్ని, అలిసినదాన్ని కాడికి కట్టకూడదు. అవయవలోపం ఉన్నదాన్ని, జబ్బు చేసినదాన్ని తోలకూడదు. గట్టి అంగాలతో, రోగం లేకుండా, కడుపు నిండి ఉన్న ఎద్దును పగటిలో సగం సేపే పనిచేయించాలి. ఎనిమిది ఎద్దులను వంతులవారీగా కట్టి దున్నటం ధర్మం, ఆరు మధ్యమం, నాలుగు క్రూరుల పని, రెండే ఎద్దులతో రోజంతా లాగించటం ఎద్దును చంపేవాడి పని అని కూడా ఆ స్మృతి చెబుతుంది. ఈ రోజుల్లో ఎనిమిది ఎద్దులు ఎవరికీ లేవు. రెండే ఉన్నవాడికి దాన్ని పాటించే దారి ఒకటే, ఒక్క పూటతో ఆపటం. మన పల్లెల్లో ‘పూట సేద్యం’ అన్న కొలత అట్లా నిలబడింది. పశువుల ఒంటి తీరు కూడా దీనికే సాక్ష్యం: ఎద్దుకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వెయ్యటానికే కావాలి. ఆ గంటలు కోస్తే ఎంత దాణా పెట్టినా ఒంటికి పట్టదు, నెల తిరిగేసరికి డొక్కలు బయటపడతాయి.

ఋగ్వేదం నాలుగో మండలంలో క్షేత్రపతి సూక్తం ఉంది. ఎడ్లు సుఖంగా, మనుషులు సుఖంగా, నాగలి సుఖంగా సాగాలి, పగ్గాలు సుఖంగా బిగియాలి, ములుకోల (ఎద్దును తోలే మొనకర్ర) కూడా సుఖంగానే ఆడాలి అని అందులో ప్రార్థన. ములుకోల ప్రస్తావన అక్కడే ఎందుకొచ్చిందో ఎద్దును తోలినవాళ్ళకు తెలుస్తుంది. కాబట్టి జత రాగానే మనిషి చేతిలో కర్ర చూడండి. కొసన మేకు ఉంటే వెనక్కి పంపండి. బరువు లాగే పశువులకు సంబంధించిన 1965 కేంద్ర నిబంధనలు మేకు కర్రను నిషేధించాయి. బండ్లకు, బరువులకు ఆ నిబంధనల్లో గంటల పరిమితి కూడా ఉంది: ఎడతెగకుండా అయిదు గంటలకు మించకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తోలకూడదు. మన జిల్లా వేసవిలో 37 ఎప్పుడో దాటుతుంది. బాగా మరిగిన జతకు చెర్నాకోల చప్పుడు చాలు, చాలాసార్లు నోటి అదిలింపే చాలు.

ఎద్దులను పరీక్షించటం మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పిలిచేవాళ్ళు ఇక్కడే చూడకుండా వదిలేస్తున్నారు. కాడి దించమని చెప్పి మూపురం ముందు మెడ మీద అరచెయ్యి పెట్టండి. తోలు దళసరిగా, పొడిగా, చల్లగా ఉంటే పనిచేస్తున్న మెడ. వేడిగా, మెత్తగా ఉబ్బి, నొక్కితే ఎద్దు తల విదిలిస్తే కాడి వాపు మొదలైంది. వెంట్రుక ఊడి ఎర్రగా కనిపిస్తే పుండు. ఇవి మూడు కారణాల వల్ల వస్తాయి. కాడిమాను గరుకుగా ఉండటం, వానలో తడిసిన మెడ మీద కాడి వెయ్యటం, నెలల తరబడి కట్టుకొయ్యకు ఉన్న ఎద్దును మొదటి రోజే పూటంతా లాగించటం. గోనె పట్టా చుడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు, అది ముడతపడి ఇంకా ఒరుసుకుంటుంది. కాడిని చిత్రిక పట్టి నున్నగా చేసి, ఆముదం రాయటం అసలు పద్ధతి. పుండు పడితే పసుపు, వేపనూనె రాసి మానేదాకా కాడికి దూరంగా ఉంచాలి. అట్లాంటి ఎద్దుతో మీ చేలో పని చేయించుకుంటే ఆ పాపంలో మీకూ భాగం ఉంది.

తరవాత నోరు. నాలుగు పళ్ళు రాని కోడె అంటే మూడేళ్ళు నిండనిది, దాన్ని తేలిక గుంటకకు గంటా రెండు గంటలు అలవాటు కోసం కట్టొచ్చు, బాడుగ పనికి కట్టకూడదు. ఆరు పళ్ళ నుంచి నోరు కుదిరిన తరవాత ఆరేడేళ్ళు మంచి సత్తువ. కాళ్ళు చూడండి. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు మీద నడిచి వచ్చే జతకు లాడాలు తప్పవు, గిట్టకు ఒకటి చొప్పున ఎద్దుకు ఎనిమిది. ఒక లాడం ఊడినా ఆ కాలు తేలికగా వేసి నడుస్తుంది, కాడి ఆ పక్కకు ఒరుగుతుంది. అయిదు కిలోమీటర్లు మించిన ఊరి నుంచి నడిపించుకొచ్చే జతను పిలవొద్దు, రెండు గంటల సత్తువ రోడ్డు మీదే పోతుంది. చిన్న ట్రాలీలో తెస్తే కింద గడ్డి పరిచారో లేదో చూసి, దిగిన తరవాత అరగంట నిలబడనివ్వండి.

రెండు ఎద్దులూ ఒకే ఎత్తు ఉంటే మంచిదే. కానీ ఈ రోజుల్లో సరిజోడు దొరకటం కష్టం. ఒకటి బలహీనంగా ఉంటే కాడి మీద తాడు కట్టే చోటును బలమైనదాని వైపు రెండు మూడు వేళ్ళ వెడల్పు జరపాలి. అప్పుడు బరువు బలమైనదాని మీదికి మళ్ళుతుంది. ఇది తెలిసిన మనిషి చెప్పకుండానే చేస్తాడు, తెలియనివాడు బలహీనమైనదాన్ని కొడతాడు. మనిషి పనితనం తేల్చుకోటానికి ఇంతకన్నా వేరే పరీక్ష అక్కరలేదు. దాపటెద్దును (ఎడమ పక్కదాన్ని) వెలపటికి (కుడి పక్కకు) మార్చి కట్టినా జత గజిబిజి పడుతుంది, ఏది ఏ పక్కకు మరిగిందో అడిగి తెలుసుకోండి.

ఇక సామాను. సాళ్ళ మధ్య తోలేటప్పుడు గుంటక ఒక సాలు సందులో, ఎద్దులు అటూ ఇటూ పక్క సందుల్లో నడవాలి. అంటే కాడి మీద రెండు మెడల మధ్య దూరం సాళ్ళ ఎడానికి రెట్టింపు ఉండాలి. డెబ్భై సెంటీమీటర్ల సాళ్ళకు మీటరు నలభై, మీటరు సాళ్ళకు రెండు మీటర్లు. దుక్కి కాడి పొట్టిది, దాంతో సాళ్ళలోకి దిగితే ఎద్దులు మొక్కల మీదే నడుస్తాయి. ఫోన్లో మాట్లాడేటప్పుడే మీ సాళ్ళ ఎడం సెంటీమీటర్లలో చెప్పండి, ఏ కాడి తేవాలో అతనికి తెలుస్తుంది. పాస పొడవు సాళ్ళ ఎడం కన్నా కనీసం పాతిక సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. డెబ్భై సెంటీమీటర్ల సాళ్ళకు నలభై అయిదు సరిపోతుంది. మొక్క పెరిగి వేరు పక్కలకు పాకిన తరవాత ఇంకా చిన్న పాస వెయ్యాలి. లేకపోతే పక్కవేళ్ళు తెగి మధ్యాహ్నానికి ఆకు వాడుతుంది. పాస మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతున సాగితే చాలు. మొద్దుబారిన పాసతో వచ్చినవాడు గుంటక మీద ఎక్కి నిలబడతాడు, లేదా రాయి పెడతాడు. ఆ బరువంతా ఎద్దులదే. సంచిలో ఆకురాయి ఉందేమో చూడండి, ఉంటే తిరుగుళ్ళ దగ్గర ఆగి పదును పెట్టుకుంటాడు.

నాగలి లోతు తగ్గించాలన్నా పెంచాలన్నా పట్టు ఏడికోలలో (నాగలిని కాడికి కలిపే పొడవాటి కొయ్యలో) ఉంది. కాడికి కట్టే చోటును ముందుకు జరిపితే లాగుడు చదునై కర్రు లోతుకు దిగుతుంది, వెనక్కి తెస్తే పైకి తేలుతుంది. మన నాటు నాగలి పది పన్నెండు సెంటీమీటర్ల లోతుకు మించి వెళ్ళదు, సాలుకీ సాలుకీ మధ్య దున్నని గట్టు మిగులుతుంది. అందుకే అడ్డసాలు తప్పదు. ఒక్క దుక్కితో పని అయిందని డబ్బులు అడిగితే అది సగం పనే.

మిగతా యంత్రాలతో పోలిస్తే గుంటక ఎక్కడ గెలుస్తుందో చెప్పుకోవాలి. పొగాకు నాటిన రెండు వారాల నుంచి ఆకు సాళ్ళను కమ్మేదాకా నల్లరేగడిలో నెర్రెలు విచ్చకుండా చూడటమే రైతు పని. గుంటక పైమట్టిని వదులు చేసి ఆ నెర్రెలను పూడుస్తుంది, కింద తేమ నిలుస్తుంది. పవర్ వీడర్ అదే చోట మట్టిని పిండి చేస్తుంది, ఒక్క చినుకు పడితే పైన అట్ట కడుతుంది. ట్రాక్టరు రెండు టన్నుల బరువుతో అదే దారిలో తిరిగితే చక్రం కింద నేల గట్టిపడుతుంది. ఈశాన్య వానల తరవాత ట్రాక్టరు దిగబడే చేలో ఎద్దులు రెండు రోజులు ముందే దిగగలవు. అయినా పదును (సేద్యానికి తగిన తడి) చూడకుండా దించకూడదు. వేలెడు లోతు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పగిలి పొడిపొడి అయితే పదును వచ్చినట్టు. చప్పటి ముద్దగా పడితే ఆగండి, అప్పుడు తోలితే పాసకు మట్టి అంటుకుంటుంది, ఎద్దుకు రెట్టింపు బరువు, ఎండాక గడ్డలు గడ్డలవుతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య గడ్డి మాత్రం గుంటకకు అందదు, దానికి కలుపు కూలీలు కావాల్సిందే. నిలువు, అడ్డం సరిగ్గా గళ్ళు గీసి నాటిన చేలో అయితే రెండు వైపులా తోలి ఆ ఖర్చులో చాలా భాగం తప్పించుకోవచ్చు.

ఈ సేవలో పెద్ద లోపం సమయం. వాన వెలిసిన మూడో రోజు అందరికీ ఒకేసారి పదును వస్తుంది, అందరికీ అదే రోజు అరక కావాలి. ఊరికి ఒకటి రెండు జతలే మిగిలాయి. నాలుగెకరాలు దాటిన చేనును ఒక్క జతతో పదును పోకముందే ముగించలేరు. అందుకే పెద్ద చేలవాళ్ళు ట్రాక్టరుకు వెళ్ళటాన్ని తప్పుపట్టలేం. కానీ జతలు ఎందుకు తగ్గాయో ఆలోచించాలి. మన వైపు పాలకు గేదె, ఎద్దుకు ఆవు అన్నది పాత లెక్క. ఆవును పోషించింది ప్రధానంగా అది కనే కోడెదూడ కోసం. ట్రాక్టరు వచ్చి ఎద్దుకు పని పోయాక కోడెదూడకు విలువ పోయింది, వెనకే ఆవూ పోయింది. గోరక్షణ అంటే గోశాలకు చందా అనుకుంటున్నాం. చందా ముసలి ఆవును నాలుగేళ్ళు నిలబెడుతుంది. కోడెదూడను సంతకు వెళ్ళకుండా నిలబెట్టేది కాడి.

చట్టం కూడా ఎద్దుకు పని ఉందా లేదా అన్న గీత మీదే నడుస్తోంది. మన రాష్ట్రంలో 1977 గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవుకు, ఆవుదూడకు పూర్తి రక్షణ ఇచ్చింది. ఎద్దు విషయంలో మాత్రం సేద్యానికి పనికిరాదని ధ్రువపత్రం వస్తే వధకు దారి తెరిచి ఉంచింది. ఎద్దుల వధపై గుజరాత్ చేసిన సంపూర్ణ నిషేధాన్ని 2005లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సమర్థించింది. వయసు మీరిన ఎద్దు పేడ, మూత్రాలతోనైనా ఉపయోగపడుతూనే ఉంటుందని గుర్తించింది. రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఒక ఎద్దు రోజుకు పది కిలోలకు తక్కువ కాకుండా పేడ వేస్తుంది. పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్ళు, నీడలో రెండు రోజులు కలియబెడితే ఎకరానికి జీవామృతం. కొందరు అరక యజమానులు పేడ కూడా అమ్ముతున్నారు, కొనండి.

ఒంగోలు జాతి ఈ నేలలోనే, గుండ్లకమ్మ, మన జిల్లా మూసీ నదుల మధ్య పుట్టి పెరిగింది. దాని వెనక కూడా ఒక ధర్మకార్యం ఉంది. పోయినవారి పేరున మేలైన కోడెదూడను ఎంచి, అచ్చువేసి దేవుడికి వదిలే వృషోత్సర్గం. ఊరంతా మేపే ఆ ఆంబోతు వల్లే ఊరి ఆవులకు మేలు రక్తం అందింది. 19వ శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్లో ఈ జాతికి నెలోర్ అని పేరు. అక్కడ దాన్ని మాంసానికి పెంచుతున్నారు. మనం కాడికి, నందికి పూజకు పెంచుకున్న పశువు అది. కనుమ నాడు కొమ్ములకు రంగు పూసి మొక్కి, మర్నాడు కాడి పుండు మీద కాడి వేస్తే ఆ మొక్కుకు అర్థం లేదు.

పని రోజు మేత విషయం ముందే తేల్చుకోండి. పని ఎద్దుకు రోజుకు ఆరేడు కిలోల జొన్న చొప్ప, పది కిలోలకు పైగా పచ్చిగడ్డి, రెండు కిలోల దాణా కావాలి. నానబెట్టిన ఉలవలు, తవుడు, వేరుశనగ చెక్క కలిపి, కాస్త ఉప్పు. దాణా పని ముగిసి చల్లబడ్డాక పెట్టాలి. కడుపు నిండా తిన్న గంటలోపు కాడి ఎత్తకూడదు. నీళ్ళు చేను గట్టునే ఉంచండి, వేసవిలో ఒక్కో ఎద్దు రోజుకు యాభై లీటర్ల దాకా తాగుతుంది. భక్తి కొద్దీ గంపెడు అన్నం, పొంగలి పెట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అలవాటు లేని అన్నం ఎక్కువైతే కడుపులో పులిసి, ఉబ్బి, ఎద్దు ప్రాణం మీదికి వస్తుంది. గుప్పెడు చాలు. వాన లేక వాడిన లేత జొన్న కూడా పెట్టొద్దు, నాము (లేత జొన్నలో ఉండే విషం) తగులుతుంది. గట్టు గడ్డి మీద మందు కొట్టి ఉంటే తోలే మనిషికి ముందే చెప్పండి. కంది, జొన్న చేలల్లో మూతికి చిక్కం కట్టటం మామూలే, కానీ అది గాలి ఆడేటంత వదులుగా ఉండాలి, నీళ్ళ దగ్గర తియ్యాలి. గట్టు వారన నాలుగైదు గజాలు ఖాళీ వదలని చేలో తిరుగుడు కుదరదు, రెండు కొసల్లో మొక్కలు పోతాయి. ఆ నష్టానికి తోలేవాణ్ణి తిట్టి లాభం లేదు.

బాడుగ పని ముగిసిన పూటే చేతిలో పెట్టండి. సగం పూటలో వాన పడి ఆగితే సగం ఇవ్వటం వాడుక. కనుమ నాడు, ఏరువాక పున్నమి పూజ ముగిసేదాకా అరక అడగొద్దు, ఎంత పదును ఉన్నా మంచి ఆసామి రాడు. ఎద్దులను సంతకు తోలేది ఎక్కువగా వేసవిలోనే, చేలల్లో పని ఉండదు, మేత కొనాలి. అట్లాంటప్పుడు ఎరువు తోలకం వాళ్ళకే ఇవ్వండి. ఎకరానికి నాలుగు టన్నుల పశువుల ఎరువు అంటే అరటన్ను చొప్పున ఎనిమిది బండ్లు, పొద్దున చల్లటి పూట రెండేసి బండ్లు తోలినా నాలుగు రోజుల పని. వచ్చే పొగాకు సాళ్ళకు అవసరమైన పూటలకు కొంత బయానా కూడా అప్పుడే ఇస్తే మేత ఖర్చు గడుస్తుంది, కార్తీకంలో పదును వచ్చిన రోజు మీ చేనుకు వంతు ముందు వస్తుంది.